పద్నాలుగు రోజుల ఇసుక

ఆసుపత్రి మంచం మీద పడుకున్న కూతురి తల చుట్టూ కడియాన్ని నీరజ తన చేతులతోనే బిగించింది. నర్సు సాయం పట్టబోతే ఆమని ఏడుపు మొదలెట్టింది. పదేళ్ళ పిల్ల. తుంటి ఎముక విరిగి ఐదు రోజులుగా కదలకుండా పడుకుని ఉంది. ఎముక సంగతి అలా ఉంచితే, తల కాస్త పక్కకి తిప్పినా గది మొత్తం గిర్రున తిరుగుతోందని కేకలు పెడుతోంది.

“కదలకు బంగారం. కాసేపు గుయ్యిమని చప్పుడొస్తుంది, అంతే,” అంది నీరజ.

“ఎందుకమ్మా ఇది?”

“ఆ ట్రాలీ ఆటో మిమ్మల్ని ఎంత జోరుగా వచ్చి గుద్దిందో చూద్దామని.”

ఆమని తల తిప్పలేదు గానీ, కళ్ళు మాత్రం తిప్పి తండ్రి వైపు చూసింది. శేషు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అతని కుడి భుజం ఎముక కూడా విరిగింది. చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో వేలాడుతోంది.

“ఇప్పుడే ఎందుకు నీరజా? దానికసలే తల తిరుగుతోంది,” అన్నాడు.

“ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? రోజులు గడిచేకొద్దీ చెరిగిపోతుందని మీకు నేను చెప్పాలా?”

నీరజ మీట నొక్కింది. కడియం సన్నగా మోగుతూ పిల్ల తల చుట్టూ తిరిగింది.

ఆ యంత్రానికి అసలు పేరు పొడుగ్గా ఏదో ఉంది, ప్రభుత్వ కాగితాల్లో తప్ప ఎవరూ వాడరు. జనం కడియమనే అంటారు. మన లోపలి చెవిలో ఒక జిగురు పొర మీద సన్నని ఇసుకలాంటి రేణువులు పరుచుకుని ఉంటాయి. బండి ముందుకు దూకితే అవి వెనక్కి జరుగుతాయి, బ్రేకు పడితే ముందుకు జరుగుతాయి. మనిషి తూలిపడకుండా నిలబడటానికి ఒంట్లో ఉన్న ఏర్పాటు అది. రేణువులు జరిగిన ప్రతిసారీ కింద జిగురులో సన్నని గీత పడుతుందనీ, ఆ గీతలు చదివితే మనిషి ఏ రోజు ఎంత వేగంతో ప్రయాణం చేశాడో చెప్పవచ్చనీ కనిపెట్టింది ఈ నీరజే. గుంటూరు శివార్లలో ఆమె నడిపే ల్యాబ్‌కి ఇప్పుడు రాష్ట్రం నలుమూలల నుంచీ చెవులు వస్తుంటాయి.

అంతకు ముందు వేగం కేసులంటే పెద్ద తమాషా. కెమెరా ఫొటో తీసిన ఏ మూడు నెలలకో నోటీసు వచ్చేది. ఆ రోజు బండి ఎవరు నడిపారని అడిగితే జనం చనిపోయిన మామగారి పేరు రాసి చేతులు దులుపుకునేవాళ్ళు. నిజంగా గుర్తులేనివాళ్ళు కూడా చాలామంది ఉండేవారు. మూడు నెలల కిందటి మంగళవారం ఎక్కడున్నానో నాకూ గుర్తుండదు, మీకూ గుర్తుండదు.

కడియం వచ్చాక చట్టం మార్చడానికి కమిటీ వేశారు. నోటీసుకి ఏడాది గడువు పెట్టుకుందాం, ఎంతమందిని కావాలంటే అంతమందిని పట్టుకోవచ్చని అధికారులు ఉబలాటపడ్డారు. కమిటీలో ఉన్న నీరజ ససేమిరా అంది. జిగురు పొర పద్నాలుగు రోజుల్లో కొత్తదైపోతుంది, ఆ తర్వాత పాత గీతా కొత్త గీతా కలిసిపోతాయి, అలాంటి చెవిని చదివి ఒక మనిషిని శిక్షించమని నేను చెప్పను, అంది. నోటీసు పంపితే చాలదు, బండి నడిపినవాడి చేతికి అందాలి అని కూడా పట్టుబట్టింది. చివరికి చట్టం ఆమె అన్నట్టే వచ్చింది. నేరం జరిగిన పద్నాలుగో రోజు సాయంత్రం ఆరులోగా నోటీసు అందాలి. అందితే అతని చెవి చూస్తారు. అతని చెవి చదవడానికి వీలైతే పక్కన కూర్చున్నవాళ్ళ చెవి కోర్టుకి అక్కర్లేదు. అందకపోతే మాత్రం ఆ వేగం గురించి ఇక ఎవరూ, ఎక్కడా ఎత్తకూడదు. ఆ తర్వాత అతనే వచ్చి ఒప్పుకున్నా చెల్లదు, బెదిరించి ఒప్పించారేమో ఎవరికి తెలుసు అని వకీళ్ళు ఇంకో ముక్క చేర్చారు.

ఆ వార్త వచ్చిన రోజు శేషు పేపరు చదువుతూ, “అయితే పదిహేనో రోజు నుంచి ప్రతివాడూ బుద్ధిమంతుడేనన్నమాట,” అన్నాడు. నీరజ కూడా నవ్వింది. అతనికి తెనాలిలో కళ్ళజోళ్ళ షాపు ఉంది. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడే మనిషి. రోజూ పొద్దున్నే ఆమనిని మోటారు సైకిలు మీద బడిలో దింపి షాపు తీసేవాడు. నీరజ ఆ సరికే గుంటూరు రైల్లో ఉండేది.

బడికి కాలువ కట్ట రోడ్డు మీదుగా వెళ్ళాలి. శుక్రవారం పొద్దున ఆ రోడ్డులో, కల్వర్టు దాటి పైకెక్కుతున్న ట్రాలీ ఆటోకి శేషు బండి గుద్దుకుంది. కొల్లిపర నుంచి అరటి గెలలు తెస్తున్న ఆటో. నడుపుతున్నవాడి పేరు దైవాదీనం. మన రోడ్ల మీద తీర్పు చెప్పడానికి చట్టాలేమీ చదవక్కర్లేదు కదా. రెండు బండ్లు గుద్దుకుంటే పెద్దబండివాడిదే తప్పు. లారీ, కారు అయితే లారీవాడిది. కారు, స్కూటరు అయితే కారువాడిది. ఎవరు ఎలా వచ్చారని అడిగే ఓపిక ఎవరికీ ఉండదు. రక్తంలో పడి ఉన్న పిల్లని చూసి జనం దైవాదీనాన్ని కిందికి లాగారు, పక్కటెముకలు విరిగేలా కొట్టారు. తర్వాత పోలీసులు వచ్చి అతన్ని తీసుకుపోయారు. మర్నాడే నోటీసు అతని చేతిలో పెట్టారు. కడియం పెట్టి చూస్తే రెండు చెవుల్లోనూ చీము. చిన్నప్పటి నుంచీ కారే చెవులట. ఒక్క గీత కూడా దొరకలేదు.

చెవి దొరకలేదన్న సాకుతో తప్పించుకుంటాడు వెధవ అని నీరజ పళ్ళు కొరికింది. సరే, వాడి చెవి పోతే పోనీ, నా కూతురి చెవి ఉంది, గుద్దిన జోరు దానిలో ఉంటుంది అనుకుంది. అందుకే కడియం పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది.

*

ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉంది. చెవి ఎవరిదో చదివేవాళ్ళకి తెలియకూడదు. నంబరు మాత్రమే ఉంటుంది. చదివేది అన్వర్. పదేళ్ళుగా నీరజ దగ్గర పనిచేస్తున్నాడు. గీతల్ని చూసి మనిషి స్వభావం చెప్పేస్తానని గొప్పలు పోతుంటాడు.

“ఈ నంబరు ఎవరిదో గానీ మేడమ్, మంచి సరదా మనుషులు,” అన్నాడు తెర వైపు చూపిస్తూ.

నీరజ వచ్చి పక్కన కూర్చుంది.

“ఇది వెనక కూర్చున్న మనిషి చెవి. బండి బయలుదేరుతుంది, నెమ్మదిగానే. రెండు మలుపులు. ఇదిగో, తిన్నని రోడ్డు దొరికింది, లేపేశాడు. ఎనభై, ఎనభై ఐదు. ఈ వెనక మనిషి కూడా నిటారుగా లేచి కూర్చుంటున్నారు చూడండి, చేతులు బార్లా చాపి కూర్చుంటే ఇలాగే ఉంటుంది గీత. మళ్ళీ దించేస్తాడు, బుద్ధిగా వెళ్ళిపోతాడు. ఆదివారం లేదు. మిగతా రోజులన్నీ ఉంది. అదే చోట, అంతే దూరం.”

నీరజకి ఆమని జడలు గుర్తొచ్చాయి. బడిలో టీచరు రెండుసార్లు ఫోన్ చేసింది, మీ అమ్మాయి రోజూ జడలు ఊడిపోయి వస్తోంది, కాస్త గట్టిగా వేసి పంపండి అని. నీరజ ఆమనిని కూర్చోబెట్టి చివాట్లు పెట్టింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ తలలు వంచుకుని నవ్వు ఆపుకుంటున్నట్టు అప్పుడు అనిపించింది. రిబ్బన్లు పారేసుకుంటోంది కాబోలనుకుని ఊరుకుంది.

“చివరి రోజు చూడండి,” అన్నాడు అన్వర్. ఇప్పుడు అతని గొంతులో సరదా లేదు. “ఎనభై ఎనిమిది దగ్గర తెగిపోయింది. ఎదురుగా ఉన్న బండి దాదాపు నిలబడి ఉంది మేడమ్. జోరంతా వీళ్ళదే. ఆ తర్వాత ఈ పొడుగు గీత అంబులెన్సు అయ్యుంటుంది. నలభై దాటకూడని రోడ్డని రాసుంది. నడిపినవాడికి నోటీసు రాయాలి. పేరు తీయించమంటారా?”

“వద్దు. నేను చూస్తాను. పక్కన పెట్టు,” అంది నీరజ.

అన్వర్ తలాడించి ఆ నంబరుని గోడ మీది బోర్డులో గడువు వరుసలో తగిలించాడు.

*

ఆమని తల తిరుగుడికి డాక్టరు ఒక కసరత్తు చెప్పాడు. దెబ్బకి చెవిలోని రేణువులు చోటు తప్పాయి, పిల్ల తలని రోజూ రెండుపూటలా ఒక వరుసలో తిప్పి వాటిని నెమ్మదిగా దారికి తేవాలి, మానేస్తే పిల్ల లేచి నడవడం కష్టం, అన్నాడు. తిప్పినంతసేపూ ప్రపంచం తలకిందులవుతుంది. ఆమని ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నర్సు పట్టుకుంటే కొరికింది. నీరజ పట్టుకుంటే, వద్దమ్మా పడిపోతాను అని గుండె చెరువయ్యేలా ఏడ్చింది.

“నాన్న పట్టుకుంటే పడను,” అంది.

శేషు ఉన్న ఒక్క చేత్తోనే పట్టుకున్నాడు. మంచం మీదికి వంగి, పిల్ల తల తన అరచేతిలో పెట్టుకుని, వెంట్రుకవాసి చొప్పున తిప్పేవాడు. విరిగిన భుజం నొప్పికి అతని మొహం మీద చెమటలు పట్టేవి. ఆమని అతని చొక్కా గుండీలు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకునేది.

“అయిపోయింది తల్లీ. ఇంకొక్కటి. అయిపోయింది.”

నీరజ తలుపు దగ్గర నిలబడి చూసేది. ఈ మనిషి మీద ఆమెకి చెప్పలేనంత కోపం వచ్చేది. ఎనభై ఎనిమిదా, వెనక పిల్లని పెట్టుకుని, పిల్ల చేతులు చాపి కూర్చుంటేనా అని చొక్కా పట్టుకుని అడగాలనిపించేది. అంతలోనే ఆ చొక్కా గుండీలు పట్టుకున్న చిన్న వేళ్ళు కనిపించేవి.

ఒక మధ్యాహ్నం ఆమని నిద్రలో నవ్వింది. “ఇంకా నాన్నా, ఇంకా,” అంది. నీరజ వరండాలోకి వెళ్ళిపోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

శేషు వెనకే వచ్చాడు. “ల్యాబ్‌లో గీతలు చదివారా?” అని అడిగాడు.

“అన్వర్ చదువుతున్నాడు.”

“ఊఁ.”

ఇద్దరూ కింద చెట్టు కింద ఆగి ఉన్న ఆటోలని చూస్తూ నిలబడ్డారు.

“ఇవాళ తారీఖెంత?” అన్నాడు శేషు.

చెప్పింది. అతను తల ఊపి లోపలికి వెళ్ళాడు. అప్పుడు తెలిసింది నీరజకి, అతను రోజులు లెక్కపెట్టుకుంటున్నాడని. కడియం ఏం చెబుతుందో అతనికి మొదటి రోజే తెలుసు. నీరజకి తెలిసిపోయిందని కూడా అతనికి తెలుసు. పదమూడేళ్ళ కాపురంలో ఇద్దరూ ఒకరికొకరు తెలిసి తెలిసి అబద్ధమాడటం అదే మొదటిసారి. అబద్ధం కూడా కాదు, ఇద్దరూ నోరు మెదపలేదు, అంతే.

ఆమె ఏ తప్పూ చెయ్యనక్కర్లేదు. గీతల్ని చెరపక్కర్లేదు, దొంగ సంతకం పెట్టక్కర్లేదు. ఊరుకుంటే చాలు. గడువు దానంతటదే దాటిపోతుంది. ఆమని తల పట్టుకోవడానికి ఆమని నాన్న ఉంటాడు. నోటీసు ఇస్తే కేసు, జైలు. ఇచ్చాక అతను చెవి చూపించనంటే ఇంకా ఘోరం. ఆమని గీతల్ని కోర్టులో గోడంత తెర మీద వేస్తారు. తండ్రిని జైలుకి పంపింది తన చెవేనని ఆ పిల్లకి తెలుస్తుంది. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నీరజకి అన్నం సహించేది కాదు. తను ఈ యంత్రం కనిపెట్టకపోయినా బాగుండేది, ఆ కమిటీలో నోరు మూసుకుని కూర్చున్నా బాగుండేది అనుకునేది. ఏడాది గడువుంటే కనీసం ఏడాది ఆలోచించుకునేది.

*

ల్యాబ్ గేటు దగ్గర ఒక ఆడమనిషి పొద్దుటి నుంచీ కూర్చుని ఉంది. నీరజ ల్యాబ్ జీపు దిగగానే లేచి వచ్చింది.

“అమ్మా, చెవులు చూసేది నువ్వేనంటగా. నా పేరు పుణ్యవతి. మా ఆయన చెవి ఇంకోపాలి చూడమ్మా. దైవాదీనమని, గెలల ఆటో తోలతాడు. జైల్లో చుక్కలు ఏత్తన్నారంట, చీము తగ్గిందంట.”

నీరజ గేటు మీద చెయ్యి వేసి ఆగింది.

“ఇప్పుడు చూసినా లాభం లేదమ్మా. అప్పుడే గీతలు పడలేదు,” అంది.

“అట్టా అనమాక తల్లీ. ఆయన ముప్పై దాటి తోలడు. గెలలు నలిగితే కొట్టువాడు తీసుకోడు, ఆయనకి అదే భయం. ఎనక నుంచి అందరూ హారన్లు కొట్టి తిట్టి పోతా ఉంటారు. ఆ మాట ఎవురికి చెప్పినా ఇనరే. వకీలేమో ఒప్పేసుకో, తక్కువతో పోద్ది అంటన్నాడు. ఈయన సరే అనేట్టున్నాడు. దెబ్బలు తిని తిని మడిసి అయిపోయాడమ్మా.”

“ఎప్పుడు ఒప్పుకుంటాడట?”

“శుక్రారం గడువేదో దాటాక కోర్టులో నిలబెడతారంట. నోటీసు అందినోడు ఎప్పుడు ఒప్పుకున్నా చెల్లుద్దంట.” పుణ్యవతి కళ్ళు తుడుచుకుంది. “ఆ పాపకి నయమవ్వాలని రోజూ దణ్ణం పెట్టుకుంటన్నా. ఆ బిడ్డ లేచి నడిత్తే మా ఆయన మీద కోపం తగ్గుద్దేమో అని.”

“నయమవుతుంది. రోజూ కసరత్తు చేయిస్తున్నారు,” అంది నీరజ.

“నీకెట్టా తెలుసమ్మా?”

“నా కూతురే.”

పుణ్యవతి రెండడుగులు వెనక్కి వేసింది. ఆ మొహంలో ఉన్నది కోపం కాదు, భయం. రెండు చేతులూ జోడించింది. “తెలీక వచ్చానమ్మా. ఏమనుకోమాక. మేం మాట్టాడకూడదేమో,” అంటూ వెనక్కి తిరిగి చూడకుండా గబగబా రోడ్డు వైపు నడిచింది.

ఆ సాయంత్రం ఆసుపత్రిలో శేషు ఆమనికి చెంచాతో జావ పడుతున్నాడు.

“దైవాదీనం భార్య వచ్చింది ల్యాబ్‌కి,” అంది నీరజ. “ఒప్పేసుకోబోతున్నాడట.”

చెంచా ఒక్క క్షణం ఆగింది. “పాపం,” అన్నాడు శేషు.

“ఎల్లుండితో గడువు.”

“దేనికి?” అన్నాడు, కూతురి పెదవుల వైపే చూస్తూ.

అతను ఇంకో మాట అంటాడేమోనని నీరజ చూసింది. అతను గిన్నె అడుగున ఉన్న జావ కూడా జాగ్రత్తగా పట్టాడు, ఆమని మూతి తుడిచాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక అన్వర్ బోర్డు దగ్గర ఆగాడు.

“మేడమ్, ఆ సరదా మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడు. ఇవాళ్టితో గడువు పోతుంది.”

“ఆ చెవి మా ఆమనిది,” అంది నీరజ.

అన్వర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. శేషు షాపులో చేయించుకున్న కళ్ళజోడు అది.

“మీరు నాకు చెప్పకుండా ఉండాల్సింది,” అన్నాడు. “నేను నమాజుకి వెళ్తున్నాను మేడమ్. తిరిగి వచ్చేసరికి మీరు ఇంటికి వెళ్ళిపోయి ఉంటే నేనేం అడగను. రేపటి నుంచి అవి ఉత్త గీతలే.”

అతను వెళ్ళాక నీరజ కుర్చీలోంచి లేచింది, సంచీ భుజానికి తగిలించుకుంది. గేటు దాకా వెళ్ళింది. పుణ్యవతి కూర్చున్న చోట ఎండ పడుతోంది. కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి కూర్చుంది. నోటీసు కాగితం ముందుకు లాక్కుని భర్త పేరు రాసింది. ఇంటిపేరు దగ్గర తప్పు పడితే కొట్టేసి మళ్ళీ రాసింది. అది ఆమె ఇంటిపేరు కూడా.

అన్వర్ తిరిగి వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది.

“రాశాను. జీపు తియ్యి. కడియం కూడా తీసుకురా,” అంది.

“నేను వెళ్ళి ఇస్తాను. మీరు రావద్దు మేడమ్.”

“వద్దు. ఆయనకి నేనే ఇవ్వాలి.”

దారిలో రైలు గేటు పడింది. గూడ్సు బండి. నల్లటి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి బద్ధకంగా కదులుతున్నాయి. అన్వర్ గడియారం చూసుకున్నాడు. ఐదు దాటింది. నీరజకి ఆ రైలుని చూస్తుంటే ప్రాణం తేలికపడింది. అది ఇంకా పొడుగ్గా ఉండాలి, ఇంజను చెడిపోయి పట్టాల మీదే ఆగిపోవాలి, గేటు ఆరు దాకా తెరుచుకోకూడదు. అలా అయితే ఎవరి తప్పూ ఉండదు. దేవుడా, ఆపెయ్యి, అని మనసులో ఎంత గట్టిగా మొక్కుకుందో ఆమెకే తెలుసు. చివరి పెట్టె వెళ్ళిపోయింది. గేటు లేచింది. వెనక బండ్లన్నీ హారన్లు కొట్టడం మొదలెట్టాయి.

“పోనివ్వనా?” అన్నాడు అన్వర్.

“పోనివ్వు,” అంది. కాసేపాగి, “నెమ్మదిగానే వెళ్ళు,” అంది.

*

వాళ్ళు వెళ్ళేసరికి కసరత్తు అప్పుడే అయింది. ఆమని అలిసిపోయి కళ్ళు మూసుకుని ఉంది. శేషు స్టూలు మీద కూర్చుని గోడ గడియారం చూస్తున్నాడు. తలుపు చప్పుడుకి తిరిగాడు. నీరజని చూశాడు, ఆమె వెనక కడియం పెట్టె పట్టుకుని నిలబడిన అన్వర్‌ని చూశాడు.

నీరజ కాగితం చాచింది. అతను అందుకోలేదు.

“ఇంకో అరగంట, నీరజా,” అన్నాడు, పిల్లకి వినపడకుండా. “అరగంట ఆగి వస్తే పోయేది కదా.”

“మీరు చెప్తారని చూశాను. ఇన్ని రోజులూ చూశాను.”

“నన్నెవరూ అడగలేదు. నేను లేచి కూర్చునేసరికే అతన్ని కొడుతున్నారు. నాకేమో మంచినీళ్ళ సీసా ఇచ్చారు, భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. నువ్వు కంగారుపడకు బాబూ, వాడి సంగతి మేం చూసుకుంటాం అన్నారు. ఆ నీళ్ళు తాగాను నీరజా. తాగాక ఇంక నోరు రాలేదు.” అతను ఆమని వైపు చూశాడు. “నన్ను తీసుకుపోతే దీని తల ఎవరు పట్టుకుంటారు?”

“నేను పట్టుకుంటాను. ఏడ్చినా, కొరికినా పట్టుకుంటాను. నాకు నేర్పించండి.” నీరజ కాగితాన్ని ఇంకాస్త ముందుకు చాచింది. “అతను ముప్పై దాటి నడపడట. గెలలు నలుగుతాయని. రేపు కోర్టులో నిలబడి, చెయ్యని తప్పు చేశానని చెప్పబోతున్నాడు.”

శేషు తల దించుకున్నాడు. “దీని గీతలు కోర్టులో చూపిస్తారా?” అని అడిగాడు.

“ఇవాళ మీ చెవి దొరికితే అక్కర్లేదు. ఆ గీతలు ల్యాబ్ దాటి బయటికి రావు. ఇవాళ్టికి మీ చెవిలో ఇంకా మిగిలే ఉంటుంది. రేపటికి ఉండదు.”

అతను ఎడమ చెయ్యి చాచి కాగితం తీసుకున్నాడు. ఆ చప్పుడుకి కాబోలు ఆమని కళ్ళు తెరిచింది. తల్లి మొహం చూసింది, తండ్రి చేతిలో కాగితం చూసింది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“అమ్మకి తెలిసిపోయిందా నాన్నా? రెక్కల ఆట సంగతి?”

శేషు కాగితాన్ని ఒళ్ళో బోర్లించాడు.

“నేను చెప్పలేదు,” అంది ఆమని. “ఒట్టు నాన్నా. అమ్మ ఎంత అడిగినా జడ ఎందుకు ఊడిందో కూడా చెప్పలేదు. నర్సు అడిగినా చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పలేదు.”

నీరజ గోడ వైపు తిరిగిపోయింది. శేషు స్టూలు దగ్గరికి జరుపుకుని, మంచం అంచు మీద కాగితం పెట్టి, ఎడమ చేత్తో వంకరటింకరగా అందిందని రాశాడు. తారీఖు వేశాడు. తర్వాత కూతురి చెవి మీద పడిన జుట్టు మెల్లగా వెనక్కి తోశాడు.

“నువ్వు చెప్పలేదు తల్లీ,” అన్నాడు. “నేనే చెప్పాను.”

ఆమని అతని మొహంలోకి చూసింది. నమ్మింది. శేషు లేచి పక్క మంచం మీద పడుకున్నాడు. ఉన్న చేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని, అన్వర్ వైపు తల తిప్పాడు.

“ఏ చెవి ముందు చూస్తావు?” అని అడిగాడు.